పగిలినా ఫర్వాలేదనే చోటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. ఇదే హాస్టల్లో ట్రంకు పెట్టెల మీద పుస్తకాలు పెట్టుకొని చదివిన బ్యాచ్ మాది. మా ఇళ్ళల్లో మొదటి డిగ్రీ పట్టాలు మావే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం కనుక సైన్సు గురించే రాస్తున్నాం. అయితే ఇది పరీక్షల సైన్సు కాదు, చేత్తో తిప్పి చూసే సైన్సు.

మేము చదివిన బడిలో ప్రయోగ సామాన్లు లేకపోలేదు. బీరువాలో ఉండేవి, బీరువాకు తాళం ఉండేది. సారు చెడ్డవారు కాదు. స్టాక్ రిజిస్టరు ఆయన పేరు మీద ఉంది, బీకరు పగిలితే లెక్క చెప్పుకోవాల్సింది ఆయనే. అందుకని ప్రయోగాలన్నీ బోర్డు మీదే జరిగేవి, మేము రికార్డుల్లోకి ఎక్కించేవాళ్ళం. బొమ్మలు వేయడంలో మాత్రం మన హాస్టల్ పిల్లల్ని మించినవాళ్ళు లేరు!

తొమ్మిదో తరగతిలో మమ్మల్ని ఒక సైన్స్ సెంటరుకు తీసుకెళ్ళారు. లోపలికి వెళ్ళగానే అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకున్నాం. అక్కడ కప్పీల కుర్చీలున్నాయి. ఒక కుర్చీకి కప్పీలు తక్కువ, పక్కదానికి ఎక్కువ. కూర్చొని మన తాడు మనమే లాగి పైకి లేవాలి. కప్పీలు ఎక్కువున్న కుర్చీలో మాలో అందరికంటే బక్కవాడు కూడా లేచాడు. కానీ బారెడు తాడు లాగితే జానెడే లేచాడు. బలం ఆదా అయిన మేరకు తాడు ఎక్కువ లాగాలన్నమాట. పుస్తకంలోని కప్పీ మా ఊరి బావి గిలకేనని మాలో కొందరికి ఆ రోజే తెలిసింది.

ఇంకోచోట మేము తిప్పుతుంటే హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. అందరం బిక్కచచ్చిపోయాం. అక్కడి ఉద్యోగి ఒకాయన స్పానరు తెచ్చి బిగించి, "ఊఁ, తిప్పండి" అని వెళ్ళిపోయారు. ఎవరి పేరూ రాసుకోలేదు. కప్పీల కంటే మాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

ఇలాంటి మ్యూజియంల సంగతి యూనివర్సిటీ లైబ్రరీలో చదివాక ఆ ఆశ్చర్యానికి జవాబు దొరికింది. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్ కూడా భౌతిక శాస్త్రవేత్తే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడన్న కారణంగా 1949లో ఆయన యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువులు పెంచుకొని బతికాడు. తర్వాత అక్కడే ఒక చిన్న హైస్కూల్లో సైన్సు చెప్పాడు. పారేసిన ఇనుప సామాన్లు ఏరుకొచ్చి పాఠాలు చెప్పిన మాస్టారు ఆయన. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఎక్స్‌ప్లొరటోరియం' తెరిచాడు. అందులో వర్క్‌షాపును జనానికి కనబడేట్టే పెట్టాడు. వంద మంది తిప్పితే వస్తువు చెడిపోతుందని ముందే ఒప్పుకొన్న ఏర్పాటు అది. వచ్చినవాళ్ళకు వివరించే పనికి హైస్కూలు పిల్లల్నే జీతమిచ్చి పెట్టుకున్నారు.

మన దేశంలోనూ ఈ ఆలోచన పాతదే. కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లో మొదలైంది. 1965లోనే అది బస్సులో ప్రదర్శనను పల్లెలకు పంపింది. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో వచ్చింది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర క్యాంపస్ ఉంది. వాళ్ళ బండ్లు ప్రయోగ సామాన్లతో బడి ముందుకే వస్తాయి.

అయినా మా అభిప్రాయం ఒకటుంది. అరవై మందిని బస్సులో తెచ్చి, రెండు గంటలు తిప్పి, విజిలేసి ఎక్కించే యాత్ర వల్ల ఒరిగేది తక్కువ. ఫోటోలు బాగా వస్తాయి, అంతే. మ్యూజియం మన సారుకు ఏమిచ్చి పంపిందన్నది అసలు లెక్క. ఎక్స్‌ప్లొరటోరియం 1984 నుంచి టీచర్లకు విడిగా శిక్షణ ఇస్తోంది. అక్కడి యంత్రాలను చూసి టీచర్లు చౌక సామాన్లతో చిన్న నమూనాలు చేశారు, అవి 1991లో పుస్తకంగా వచ్చాయి. పది రూపాయల వస్తువైతే పగిలినా సారుకు భయం ఉండదు. బీరువా తాళం సమస్య తీరేది అక్కడే.

ఒకటి మేమూ చేశాం. రెండు ప్లాస్టిక్ గరాటాల మూతుల్ని ఎదురెదురుగా పెట్టి టేపుతో అతికించాం. రెండు కర్రల్ని ఒక చివర దగ్గరగా, రెండో చివర ఎడంగా పెట్టి, ఎడంగా ఉన్న వైపు కొంచెం ఎత్తు చేశాం. గరాటాల జంటను కింది చివర పెడితే ఎత్తు వైపుకే దొర్లుతుంది! కర్రలు ఎడమయ్యేకొద్దీ గరాటాలు వాటి మధ్యకు దిగుతుంటాయి. చూసేవాళ్ళకు ఎక్కుతున్నట్టు ఉంటుంది కానీ దాని గరిమనాభి కిందికే పోతుంది. కర్రల వాలు ఎక్కువైతే మాత్రం కదలదు. ఎంత వాలు దాకా కదులుతుందో మీరే కొలిచి చూడండి.

తమ్ముళ్ళూ, వార్షికోత్సవం మర్నాడు ఆదివారం మేము హాస్టల్లోనే ఉంటాం. టిఫిన్ అయ్యాక డైనింగ్ హాల్లోకి రండి. గరాటాలు, టేపు మేము తెస్తాం. కర్రలు మీరు చూడండి.