వైజాగ్‌కి సూటిగా కింద ఉన్న సముద్రం

ఫోన్‌లో మ్యాప్ తెరిచి వైజాగ్ నుంచి వేలు కిందికి జరపండి. శ్రీలంక దాటితే అంతా నీలమే. బాగా జూమ్ చేస్తే ఒక చుక్క: ఆమ్‌స్టర్‌డామ్ దీవి.

2018 సెప్టెంబర్‌లో ఆ సముద్రంలోనే నేవీ కమాండర్ అభిలాష్ టామీ ఒంటరి పడవ తుఫానుకి తిరగబడింది. దారికి జీపీఎస్ వాడకూడని గోల్డెన్ గ్లోబ్ రేస్ అది. పడవ మళ్లీ నిలబడింది కానీ తెరచాప కొయ్య విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతింది. కదల్లేక లోపలే పడుకుని శాటిలైట్ మెసేజ్‌తో సాయం అడిగారు. మూడు రోజులకి ఫ్రెంచ్ ఓడ ఒసిరిస్ వచ్చి ఆ దీవికి చేర్చింది. అక్కణ్నుంచి ఐఎన్ఎస్ సాత్పురా మన వైజాగ్‌కే తెచ్చింది.

మా ఆఫీసులో సర్వర్ పడితే బ్యాకప్ ఉంటుంది. అక్కడ పడవా ఒకటే, మనిషీ ఒకడే. అయినా 2022లో మళ్లీ అదే రేస్‌కి బయల్దేరి, 2023లో రెండోస్థానంలో ఒడ్డుకి చేరారు.

ఈసారి ఆర్కే బీచ్‌కి వెళ్తే కాసేపు దక్షిణం వైపు చూడండి.