కార్నింగులో గాజుబిళ్ల

గడచిన వేసవిలో మావారి పాఠశాలకు సెలవులిచ్చిన వెంటనే, మేము మా అమ్మగారిని తోడ్కొని అమెరికాలోని మా తమ్ముని యింటికి పోయితిమి. తమ్ముడు న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు పట్టణమున కాపురమున్నాడు. మా మరదలికి అప్పుడు ఏడవ మాసము. సీమంతము జరిపించి వచ్చుటయే మా ప్రయాణమునకు ముఖ్యకారణము. ఆ దేశపు వింతలను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. మేము ఒక చిన్న యూరిని గూర్చియు, అచట నేర్చిన యొక సంగతిని గూర్చియు మాత్రమే సోదరీమణులకు విన్నవింపదలచితిమి. దానికి ముందు మా యింట జరిగినదానిని చెప్పవలసియున్నది.

మా మరదలికి గాజుపని యందు మిక్కిలి ప్రీతి. రంగురంగుల గాజుపలకలను కత్తిరించి, ఒకదానిపై నొకటి పేర్చి, విద్యుత్తు కొలిమిలో కరగించి ఏకము చేయును. సీమంతమునాడు దీపపు కుందె నుంచుటకై ఆమె యెనిమిది పలకలు పేర్చి, కరగినప్పుడు ప్రక్కలకు పాఱకుండ చుట్టును అడ్డుపలకలు నిలిపి, అంగుళము మందమున నొక నీలిపీటను చేసెను. చూచుటకు చెఱువునీరు గడ్డకట్టినట్లుండెను. సీమంతమునకు ముందటి రాత్రి అందఱము పండుకొనిన పిదప పూజగదిలో టప్పుమని చప్పుడైనది. లేచి పోయి చూడగా పీట నడిమికి రెండుగా పగిలియున్నది. దానిని ఎవరును తాకలేదు.

“తెల్లవాఱిన గాజులు తొడుగవలసిన పిల్ల! ఈ రాత్రియే గాజు పగులవలెనా?” అని అమ్మగారు తమలో తామనుకొనిరి. కోడలియందు వారికి ప్రేమ లేక కాదు, భయముచేత నన్నమాట. అయినను ఆ యొక్కమాట చాలినది. మఱునాడు పేరంటాండ్రు వచ్చిరి, గాజులు తొడిగిరి, పాటలు పాడిరి. పిల్ల ముఖమున మాత్రము కళ లేదు. పురాణములు చదివిన మేమును, పిల్లలకు పాఠములు చెప్పు మావారును ఆ మాటకు సమాధానము చెప్పలేకపోతిమి. అపశకునము కాదని యనవచ్చును. మఱి యేల పగిలినదని యడిగిన నేమి చెప్పుదుము? కారణ మెఱుగక మేమును మిన్నకుంటిమి. ఇది యిచట ఒప్పుకొనుటయే న్యాయము.

నాలుగు దినములైన తరువాత తమ్ముడు మమ్మందఱిని కారులో నెక్కించుకొని, దక్షిణముగా ఇంచుమించు నూఱుమైళ్లు పోయి కార్నింగు పట్టణమునకు చేర్చెను. దారి పొడవున పచ్చిక బీళ్లు, మొక్కజొన్న చేలు. పోను పోను చెట్లు కప్పిన గుండ్రని కొండలు. ఆ కొండల నడుమ షెమంగు అను నేఱు పాఱుచున్నది. దాని యొడ్డుననే కార్నింగు. జనము ఇంచుమించు పదివేలు. 1868 లో బ్రూక్లిను నుండి ఒక గాజు కార్ఖానా యిచటికి తరలివచ్చినది మొదలు ఈ యూరు గాజుతో పెరిగినది. అంగళ్లవీథి యున్న పేటకు సైతము గాఫరు పేట యని పేరు. గాఫరనగా గాజునూదువారిలో పెద్దపనివాడు. 1951 లో తెఱచిన గాజు ప్రదర్శనశాల ఏటికి ఆవలి యొడ్డున నున్నది. అందు మూడువేల ఐదువందల యేండ్ల గాజుపని యంతయు కాననగును.

మొదట గాజునూదు చోట కూర్చుంటిమి. పనివాడు ఇనుపగొట్టపు కొసను తేనెవలె సాగు గాజును చుట్టి తీసి, ఊది, త్రిప్పి, మేము చూచుచుండగనే కూజాను చేసెను. అమ్మగారు దానిని దగ్గఱగా చూడగోరిరి. కాని అతడు దానిని వెంటనే వేఱొక కొలిమిలో పెట్టి తలుపు మూసెను. మఱునాటివఱకు తీయరట. “చేసిన వస్తువును మరల కొలిమిలో పెట్టుట యేమి?” అని అమ్మగారాశ్చర్యపడిరి.

తరువాత నొక పెద్ద బిళ్ల యెదుట నిలిచితిమి. అడ్డము 200 అంగుళములు. వెనుకవైపున తేనెపట్టువలె గుంటలున్నవి. కాలిఫోర్నియాలో పాలొమారు కొండమీది దూరదర్శినికి అద్దము చేయుటకై దీనిని 1934 మార్చి 25 న పోసిరి. వేడికి అచ్చులోని దిమ్మలు కొన్ని ఊడి పైకి తేలుటచే ఇది పనికిరాకపోయినది. ఆ యేడే డిసెంబరు 2 న రెండవ బిళ్లను పోసిరి. ఈ పని నడిపిన శాస్త్రజ్ఞుడు జార్జి మెకాలే. పోయుట ఒక్క దినపు పని. చల్లార్చుట ఇంచుమించు పది మాసముల పని. దినమునకు ఒక సెంటిగ్రేడు డిగ్రీకన్న తక్కువగా వేడిని దించుచు వచ్చిరి. నడుమ 1935 జూలైలో ఈ షెమంగు ఏఱే పొంగి, విద్యుత్తు నిలిచిపోయి, గండము వచ్చినది. అయినను బిళ్ల నిలిచినది. 1936 లో రైలుబండిపై కాలిఫోర్నియా చేరి, అచట సానపట్టబడి, 1948 లో దూరదర్శిని ప్రారంభమైనప్పుడు దాని కన్నయినది.

“గాజు చల్లారుటకు పది మాసములా! కడుపున బిడ్డ పెరుగుటకన్న నెక్కువ!” అనిరి అమ్మగారు. పిదప వివరము చెప్పు నుద్యోగిని ఒక ప్రశ్న యడుగుమని కోడలిని కోరిరి. “ఎవరును తాకకయే గాజు పగులునా?”

ఆమె యిచ్చిన సమాధానమును మరదలు తెలుగున చెప్పెను. వేడిగాజు చల్లారునప్పుడు పైభాగము ముందు గట్టిపడును. లోపలి భాగ మింకను వేడిగా నుండును. తరువాత లోపలిది చల్లారి ముడుచుకొనబోగా, గట్టిపడిన పైభాగము దానిని ముడుచుకొననీయదు. ఆ పెనుగులాట గాజులోనే చిక్కుకొని నిలుచును. కంటి కది కానరాదు. కావుననే గాజును ఆకారము చెడనంత వేడిమిలో కొంతసేపు నిలిపి, లోపలి బిగి సడలనిచ్చి, పిదప లోపలయు వెలుపలయు ఒకే తీరున చల్లారునట్లు మెల్లగా దింపవలెను. దీనిని వారు ఎనీలింగు అందురు. అది సరిగా జరుగనిచో వస్తువు ఆ గంటలోనే పగులవచ్చును, వారమునకు పగులవచ్చును, నెలలకు పగులవచ్చును.

“పగిలిన దినమునకును దానికిని సంబంధ మేమైన నున్నదా?” అని అమ్మగారు మరల అడిగించిరి. లేదనియు, చెడుగు కొలిమిలో చల్లారిన నాడే చేరినదనియు, పగిలిన నాడు బయటపడినదంతే యనియు ఆమె చెప్పెను. అమ్మగారు మఱేమియు పలుకక ఆ బిళ్లవంక చాలసేపు చూచిరి.

తన పొరపాటు ఎచట నున్నదో మా మరదలికి అప్పుడే తోచినది. ఆమె కొలిమికి కంట్రోలరను చిన్నపెట్టె కలదు. దానికి మెట్టుమెట్టుగా లెక్క చెప్పవలెను. ఒక్కొక్క మెట్టునకు మూడు అంకెలు: గంటకెన్ని డిగ్రీల చొప్పున పోవలెను, ఎంతవఱకు పోవలెను, అచట నెంతసేపు నిలువవలెను. అది చెప్పినంత చేయును గాని, లోనున్నది పలుచనిదో మందమైనదో యెఱుగదు. పావంగుళపు పళ్లెములకు తాను వాడు లెక్కనే ఆమె అంగుళపు పీటకును ఉంచెను. అనగా 900 ఫారన్‌హీటు డిగ్రీలవద్ద అరగంట నిలిపి, గంటకు 100 చొప్పున దింపెను.

ఇల్లు చేరిన రాత్రి తమ్ముడు ఆ గాజు చేయువారి పట్టికను వెదకి తీసెను. అంగుళపు మందమునకు 900 డిగ్రీలవద్ద నాలుగు గంటలు నిలుపవలెను. అచటినుండి 800 వఱకు గంటకు 27 చొప్పునను, 700 వఱకు 49 చొప్పునను, ఆ పిమ్మట గది వేడిమి వఱకు 162 చొప్పునను దింపవలెను. అంతయు పదునాలుగు గంటల పని. అరంగుళమునకైన అయిదు గంటలు చాలును. మందము రెట్టింపైన కాలము రెట్టింపుతో సరిపోదని మావారు లెక్కవేసి చూపిరి.

మఱునాటి యుదయమున అమ్మగారు తామై కొలిమికడకు వచ్చి, “అమ్మాయీ, పీట మరల చేయుదము. అంకెలు నేను చదివెదను, నీవు నొక్కుము” అనిరి. పిల్ల కన్నులు చెమర్చినవి. “అట్లే అత్తయ్యగారూ” అని మాత్ర మనెను. మావారు పట్టికను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చిరి. కండ్లద్దములు సవరించుకొని అమ్మగా రొక్కొక్క అంకెను రెండుమాఱులు చదివిరి. మఱునాడు పెట్టె 300 చూపుచుండగా తమ్ముడు తొందరపడి మూత తీయబోయెను. “అన్నపు గిన్నె యనుకొంటివా? చేయి తగుము!” అని అమ్మగారు వానిని గదమాయించిరి.

చేయి పెట్ట వీలైన తరువాతనే మూత తీసితిమి. ఒకే దిశలో కంపించు కాంతిని మాత్రమే పోనిచ్చు పలుచని పొరలు రెండింటిని ఒకదాని కొకటి అడ్డముగా నిలిపి, నడుమ పీటను ఉంచి చూచితిమి. లోపల బిగి యున్నచో అచటచట వెలుగు మరకలు కానవచ్చునట. మాకు చీకటియే కానవచ్చినది. పగిలిన పాత ముక్కను పెట్టగా అందు మరకలు స్పష్టముగా మెఱసినవి. అమ్మగారు ఆ ముక్కను చేతబట్టుకొని, “నేను నిన్ను ఊరక నొప్పించితినమ్మా” అనిరి.

ఆ సాయంకాలము క్రొత్త పీటపై కుందె నుంచి అమ్మగారే దీపము వెలిగించిరి. మేము స్వదేశమునకు వచ్చిన పిదప మరదలికి సుఖప్రసవమై ఆడపిల్ల కలిగినది. పీట నేటికిని చెక్కుచెదరక యున్నదని తమ్ముడు వ్రాసినాడు.

సోదరీమణులారా! మన యిండ్లలో ఏదైన పగిలినను, పొంగినను, ఆఱిపోయినను, నింద మొదట క్రొత్త కోడలి తలమీదనే పడును. పెద్దలు భయముచేత నన్న మాటకు కారణము వెదకి చెప్పువారు ఆ యింట ఒక్కరైన నుండవలెను. ఆ రాత్రి మేము మిన్నకుంటిమి. ఇకమీదట మిన్నకుండ దలపలేదు.