దొరికిన వస్తువు

బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. చిట్టాలో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని వెతికిన రోజులున్నాయి. అలాంటి నేను బొటనవేలంత వస్తువు దగ్గర దెబ్బ తిన్నాను. మన పత్రికను ఇంటిల్లిపాదీ చదువుతారు కనుక ఆ సంగతి చెప్పుకుంటాను.

2011లో తుర్విహాళలో పని చేసేవాణ్ణి. రాయచూరు జిల్లాయే అయినా, తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ల క్యాంపులు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కౌంటరు దగ్గర కన్నడంతోపాటు తెలుగూ వినిపించేది.

అది ఆగస్టు, నాట్ల రోజులు. పంట అప్పుల కోసం వరండా నిండా జనం. నేను బాబాయ్ అని పిలిచే ఒక క్యాంపు పెద్దాయన లోపలికి వచ్చి, "బెంచీ కింద దొరికింది, ఎవరు పారేసుకున్నారో పాపం, కాస్త చూడు బాబూ" అని ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు.

ఎవరిదో తెలుస్తుందని నా కంప్యూటరుకు తగిలించాను. 'ఫొటోలు' అన్న ఫోల్డరు కనిపిస్తే నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. మధ్యాహ్నానికి నేను సిద్ధం చేసి పెట్టుకున్న అప్పు కాగితాలు ఒక్కటీ తెరుచుకోలేదు. పక్క కంప్యూటరుదీ అదే వరస. ఖాతాల్లో డబ్బుకేం కాలేదు, ఆ లెక్కలు వేరేచోట భద్రంగా ఉంటాయి. కానీ మనిషి వచ్చి బాగుచేసేదాకా రెండు రోజులు ఆ కంప్యూటర్లు ముట్టుకోవద్దన్నారు. కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

బాబాయ్ అప్పు అందులోనే ఉంది. నారు ముదిరిపోతోంది, కూలీలు ఆగరు. ఆయన వ్యాపారి దగ్గర వడ్డీకి తెచ్చుకుని నాట్లు వేశారు. తర్వాత జరిగింది చెబితే, "తెచ్చి ఇచ్చింది నేనే కదా బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ఆయనకు తెలియదు. తెలిసి ఉండవలసింది నాకు.

మరుసటి ఏడు, 2012లో, విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కేంద్రం కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ సోకిందని పత్రికల్లో చదివాను. ఇంటర్నెట్ లేని కంప్యూటర్లలోని కాగితాలను అది పెన్‌డ్రైవ్‌లో రహస్యంగా దాచుకుని, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరుకు తగిలించగానే బయటికి పంపిందట. గోడ ఎంత ఎత్తు కట్టినా, జేబులో వచ్చేదాన్ని ఆపలేదు.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లను కావాలనే అక్కడక్కడా వదిలి చూశారు. 2016లో ఆ ఫలితాలు ప్రకటించారు. దాదాపు సగం వాటిలోని ఫైళ్లను ఎవరో ఒకరు తెరిచారు. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పింది నా జవాబే: సొంతదారుకు ఇచ్చేద్దామని. అంటే మోసగాడు ఎర వేసేది మన ఆశకే కాదు, మన మంచితనానికి కూడా.

మంచితనం మానుకోమని నేను చెప్పను. దొరికినదాన్ని కవరులో పెట్టి, పైన తేదీ, చోటు రాసి, నోటీసు బోర్డు మీద ఒక చీటీ అంటించండి. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి అడుగుతారు. లోపల ఏముందో చూడవలసిన పని మనకు లేదు. పిల్లలు స్నేహితుల దగ్గర తెచ్చినవైనా ముందు వైరస్ పరీక్ష చేయించండి. అయితే ఆ పరీక్షకు దొరకనివీ ఉంటాయి కనుక, ఊరూ పేరూ తెలియనిదాన్ని అసలు తగిలించకండి.

ఆ పెన్‌డ్రైవ్ కోసం మాత్రం ఎవరూ రాలేదు.