కొండపల్లి బొమ్మలవాడలో ఒక దినము

సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చు ఇండ్లలో ఏటేట ఒక్క క్రొత్తబొమ్మనైనను చేర్చుట వాడుక. మా యింట ఈ వాడుక తప్పలేదు గాని, కొన్ని యేండ్లుగా ఆ బొమ్మ అంగడినుండి అట్టపెట్టెలో వచ్చుచున్నది. దానిని ఎవరు చేసిరో, దేనితో చేసిరో పిల్లలకు తెలియదు. పుట్టినచోటు చూపినగాని బొమ్మ విలువ పిల్లలకు పట్టుపడదని మా అత్తగారి అభిప్రాయము. కావున ధనుర్మాసము ప్రవేశించిన పదినాళ్లకు మేమందరమును కొండపల్లికి ప్రయాణమైతిమి. అందరమనగా మా అత్తగారు, మేమిద్దరు తోడికోడండ్రము, ముగ్గురు పిల్లలు. పెద్దవానికి తొమ్మిదేండ్లు, నడిమిపిల్లకు ఆరు, చిన్నవానికి ఇంకను నాలుగు నిండలేదు. మగవారికి పనులుండి రాలేదు. వచ్చినచో కోట చూచుటతోనే ప్రొద్దు గ్రుంకెడిది.

విజయవాడకు కొండపల్లి సుమారు 20 కిలోమీటర్లు. కాజీపేట పోవు రైలుమార్గమున ఈ యూరికి స్టేషను కలదు. ఇబ్రహీంపట్నము మీదుగా పోవు రోడ్డున బస్సులు, ఆటోలు దొరకును. 2022వ సంవత్సరమువరకు ఇది కృష్ణాజిల్లాలోని యూరు, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోనిది. త్రోవలో విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడగానే అవియే కోటబురుజులని చిన్నవాడు కేకలు వేసెను. నిజమైన కోట కొండపైని గలదు. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజులు కట్టించిన ఆ కోటను తరువాత గజపతులనుండి శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకొనెను. మా అత్తగారి మోకాళ్లను తలచి మేము దానిని క్రిందినుండియే చూచి తృప్తిపడితిమి.

బొమ్మలవాడ కొండ దిగువనున్నది. వీథివైపున అంగళ్లు, వెనుకవైపున పనిపంచలు. అంగడిలో నిలిచి బొమ్మలు కొని మరలివచ్చువారే పెక్కుమంది. లోనికి రావచ్చునా యని అడిగినచో కాదనువారు మాకు కనబడలేదు. ఈ పనివారిలో ఆర్యక్షత్రియులని పేరుగల కుటుంబములవారు తరతరములుగా ఈ కళను కాపాడుచున్నారు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరనియు, ముక్తఋషి తమకు మూలపురుషుడనియు వారు చెప్పుకొందురు.

మేము ప్రవేశించిన పంచలో ఒక వృద్ధుడు రెండు పాదములనడుమ కొయ్యముక్కను బిగించి ఉలితో చెక్కుచుండెను. ఆయన కోడలును, మరియొక స్త్రీయును గోడవారగా కూర్చుండి రంగులు దిద్దుచుండిరి. వారి నడుమ చాపమీద నలువదియో యేబదియో ఏనుగులు, అన్నియు సుద్దవలె తెల్లనివి, వరుసదీరి నిలిచియుండెను. మా నడిమిపిల్ల గుమ్మముకడనే నిలువబడి, “అమ్మా, ఇవి ఐరావతములా?” యని యడిగినది.

కొండపల్లి బొమ్మకు ప్రాణము తెల్లపొణికి కొయ్య. ఇది మిగుల మెత్తనిది, తేలికయైనది. మూరెడు బొమ్మనైనను పసిబిడ్డ ఒంటిచేత నెత్తగలడు. కాలిమీద పడినను దెబ్బ తగులదు. బొమ్మనంతటిని ఒకే దుంగనుండి చెక్కరు. మొండెము వేరు, చేతులు వేరు, తొండము వేరు, అంబారీ వేరు, అందు కూర్చున్న రాజు వేరు. చెక్కిన ముక్కలను సన్నని సెగమీద కాచి లోపలి చెమ్మను పోగొట్టుదురు. పిమ్మట చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో ముక్కలను అతుకుదురు. దీనినే మక్కు అందురు. మక్కు అతుకుటకే గాదు; ముక్కుకొన, తలపాగమడత, మెడలోని హారము మొదలగు సన్నని పనియంతయు దానితోనే తీర్తురు. మన యిండ్లలో పారవేయు చింతగింజకు ఇంత పనియున్నదని మా తోడికోడలు ఆశ్చర్యపడినది. మక్కు ఆరిన తరువాత ఆకురాయితో నునుపుచేసి, సుద్దపూత పూసి, ఆ తెల్లదనముపైని రంగులు వేయుదురు. కుంచెలు మేకవెండ్రుకలతో కట్టినవి. వెనుక చెట్లనుండి తీసిన రంగులే వాడెడివారు. ఇప్పుడు అంగడిరంగులును వాడుచున్నారు. అంగడిరంగునకు మెరుపెక్కువ గాని, మా కంటికి పాత చెట్టురంగే ఇంపుగా నుండెను.

అన్నిటికంటె కడపట దిద్దునది కన్ను. ఆ యింటి కోడలు ఒక్కొక్క యేనుగును ఎడమచేత పట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఒక్క తాకుడున కన్ను పెట్టుచుండగా పిల్లలు ముగ్గురును చప్పుడు చేయక చూచిరి. ఇంటిలో మేము వేయి చెప్పినను దొరకని నిశ్శబ్దము అది! “కన్ను ముందే ఏల పెట్టరాదు?” అని నడిమిపిల్ల యడిగినది. ఆమె నవ్వి, “ముందే కన్ను పెట్టితిమా, ఊరక మనవంకనే చూచుచుండును తల్లీ. ఇక పని సాగనియ్యదు” అన్నది. ఇది వారి వాడుకమాటయో, పిల్లను ఊరడించుటకు అప్పుడు కల్పించినదో మాకు తెలియదు గాని, పిల్ల మాత్రము నమ్మినది.

మా అత్తగారు తమవెంట ఒక మూట తెచ్చుకొనిరి. అందున్నది వారి తల్లిగారినాటి కొండపల్లి దంపతుల జంట. అందు పురుషునికి ఒక చేయి విరిగి చాలకాలమైనది. వృద్ధుడు దానిని వెలుతురున త్రిప్పి చూచి, విరిగినచోట వ్రేలితో రాచి, “ఇది మా కొండమీది కొయ్యయేనమ్మా” అనెను. ఇప్పుడు వాడునది ఎక్కడిదని మేమడిగితిమి. పొణికిచెట్లు దగ్గర కొండలమీద మిక్కిలి తగ్గిపోయినవనియు, కొయ్యకై దూరము పోవలసివచ్చుచున్నదనియు, ఒక్కొక్కప్పుడు డబ్బు చేతబట్టుకొని యుండియు కొయ్యలేక పని నిలుచుననియు ఆయన చెప్పెను. నాటుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. కాని చెట్టు పెరిగి కోతకు వచ్చుటకు ఏండ్లు కావలెను, బొమ్మ చేయుటకు నాలుగు నాళ్లు చాలును. ఈ లెక్క కుదురుట కష్టమని విన్న మాకే తోచినది. ఆయన కుమారుడు పట్టణమున ఉద్యోగము చూచుకొనెను. మనుమడు చదువుకొనుచు, సెలవులలో వచ్చి సుద్ద పూయునట. దసరాకును సంక్రాంతికిని అమ్మకము బాగుగా నుండి, తక్కిన మాసములు వెలితిగా గడచు వృత్తిని పిల్లలు విడిచిరని నిందించుటకు మాకు నోరు రాలేదు.

చేయి అతుకుటకు ఆయన గడియసేపు పుచ్చుకొనెను. పాతరంగును ముట్టవద్దని మా అత్తగారు కోరగా, “ముట్టను తల్లీ, ఈ రంగు ఇప్పుడు నాకు రాదు” అని అతికినచోట మాత్రమే కుంచె తాకించి, కూలి పుచ్చుకొననని పట్టుపట్టెను. మా అత్తగారు పండ్లు, తాంబూలము ఆ యింటి కోడలి చేతికిచ్చిరి.

ఇక కొనుట. పిల్లలు కోరినది అంబారీయేనుగు. వెల చెప్పగానే మా తోడికోడలు అలవాటుచొప్పున సగమునుండి బేరము మొదలుపెట్టినది. మా అత్తగారు ఏమియు అనక, “ఇందెన్ని ముక్కలున్నవో పిల్లలచేత లెక్కపెట్టింపుము” అనిరి. తొండము, చెవులు, దంతములు, కాళ్లు, తోక, అంబారీ, గొడుగు, రాజు, మావటివాడు, వాని అంకుశము ఇట్లు పెద్దవాడు పదునేడనియు, నడిమిపిల్ల పందొమ్మిదనియు పోట్లాడుకొనిరి. ఈలోగా మా తోడికోడలు చెప్పిన వెలనే యిచ్చివేసినది. స్త్రీలము బేరమాడుట మానవలెనని మేమనము. తిరుగుప్రయాణమున రేగుపండ్లమ్మితో మా అత్తగారే అయిదు రూపాయలకై పావుగంట వాదించిరి! కాని ఏడాదికి రెండు పండుగలతో బ్రతుకువారి చేతిపనికిని, యంత్రమున పోతపోసిన సరకునకును ఒకే త్రాసు పనికిరాదు.

వచ్చిన మరునాటినుండి ఇంటిలోని పని ఆరంభమైనది. బొమ్మ కొన్నంతమాత్రమున కొలువు కాదు గదా! కొలువునకు, భోగికి పిల్లలు తమ చేతులతో చేయవలసినవి కొన్ని గలవు. వానిలో మొదటివి భోగిపిడకలు. పల్లెలలో ధనుర్మాసమంతయు ముంగిట పెట్టిన గొబ్బెమ్మలనే పిడకలుగా తట్టి యెండబెట్టుదురు. మేముండునది నాలుగంతస్తుల మేడలో. ఆవుపేడను పాకనుండి బక్కెట్టులో తెచ్చి డాబామీద పెట్టితిమి. ఇప్పుడు పిడకలను పొట్లము కట్టి ఇంటికే పంపువారున్నారు. మేము వారి జోలికి పోలేదు. పెద్దవాడు మొదట ముక్కు మూసుకొని దూరముగా నిలిచెను. చెల్లెలు బిళ్లలు చేసి నడుమ వ్రేలితో చిల్లి పొడుచుట చూచి, తాను ఇంకను గుండ్రముగా చేయగలనని దిగెను. ఎండిన పిదప పురికొసకు గ్రుచ్చి ఎవరి దండ వారు కట్టుకొనిరి. పిడకను బాగుగా ఎండనిచ్చినగాని గ్రుచ్చరాదు, చిల్లివద్ద పగులును. చిన్నవాని దండలో ఏడు పిడకలే యున్నను, అవి ఏడునూరని వాని లెక్క.

రెండవది కొలువుక్రింది పచ్చిక. పండుగకు వారము ముందు వెడల్పాటి పళ్లెరమున ఇసుకయు మట్టియు కలిపి పరచి, ఆవాలు, మెంతులు చల్లి, దినమునకు రెండుమారులు నీరు చిలుకరింపవలెను. భోగినాటికి అంగుళమెత్తు పచ్చిక లేచును. చిన్నవాడు మొలకెత్తినవో లేదో యని గింజలను రోజును పెల్లగించి చూచుచుండుటచే ఒక మూల బోడిగా మిగిలినది. అచ్చట అద్దపుముక్క పెట్టి చెరువు చేసితిమి. పిల్లలుగల ఇంటిలో చెరువునకు చోటు వెదకుకొన నక్కరలేదు.

భోగినాడు తెల్లవారుజామున మంట వేసి, పిల్లలు దండలను అందు వేసిరి. సాయంకాలము భోగిపండ్లు. రేగుపండ్లు, చెరకుముక్కలు, నానిన శనగలు, బంతిరేకులు, చిల్లరనాణెములు కలిపి, అయిదేండ్లలోపు పిల్లల తలచుట్టు మూడుమారులు త్రిప్పి దిష్టి తీసి పోయుట మీరెరిగినదే. చిన్నవానిని పీటమీద కూర్చుండబెట్టి ముందుగా మా అత్తగారు, పిమ్మట పేరంటాండ్రు పోసిరి. ఒక్క మాట చెప్పవలెను. క్రిందపడిన నాణెములను, శనగలను, రేగుగింజలను పసివారు నోట పెట్టుకొందురు. పాట పాడు సందడిలో వారి చేతులను కనిపెట్టుటకు ఒకరిని నియమించుట మేలు.

కొలువును అయిదు మెట్లుగా తీర్చితిమి. పై మెట్టున కలశము, దేవతలు, దానిక్రింద దశావతారములు, ఆ క్రింద పెండ్లిపల్లకి, వాద్యగాండ్రు, నాలుగవదానియందు కల్లుగీత తాటిచెట్టు, ఎద్దులబండి, తిరుగలి విసరు స్త్రీ. క్రిందిమెట్టున పచ్చిక, చెరువు. చేయి అతికిన దంపతులు మూడవమెట్టున పెండ్లివారిలో కలిసిరి. అంబారీయేనుగు విషయమున పెద్ద చర్చ జరిగినది. అది రాజుది కనుక పల్లకికి ముందుండవలెనని పెద్దవాడు, దానికి నీళ్లు కావలెను గనుక చెరువుగట్టుననే నిలుపవలెనని నడిమిపిల్ల. పిల్లమాటయే నెగ్గినది. అంతలో చిన్నవాడు తన ఎర్రని ప్లాస్టిక్కుకారును తెచ్చి ఏనుగుప్రక్కను పెట్టెను. మా తోడికోడలు తీసివేయబోగా వాడు ఏడుపు లంకించుకొనెను. అచ్చముగా కొయ్యబొమ్మలే యుండవలెనని మాకును ఉండెను గాని, కొలువు ఎవరిది? కారు చెరువుగట్టుననే నిలిచినది. పేరంటమునకు వచ్చిన పెద్దలు దానిని చూచి నవ్వినను, నడిమిపిల్ల వారిని వదలక, ఏనుగునకు కన్ను కడపట ఏల పెట్టుదురో, చింతగింజలతో తొండమెట్లు అతుకుదురో వచ్చినవారికెల్ల ఒప్పగించినది. మూడుదినములును శనగలు, తాంబూలము పంచుపని మాది, కథ చెప్పుపని దానిది.

ముక్కనుమ మరునాడు బొమ్మలను దింపితిమి. కొండపల్లిబొమ్మకు నీరు శత్రువు. తడిగుడ్డ తగిలించినచో సుద్దపూత లేచి రంగు రాలును; పొడి మెత్తనిగుడ్డతోనో కుంచెతోనో దుమ్ము దులుపవలెను. ఒక్కొక్కదానిని పాతపంచె ముక్కలో చుట్టి, నీడన ఎండిన వేపాకు మధ్యమధ్య వేసి, చెమ్మతగులని అటకపైని కొయ్యపెట్టెలో ఉంచుదుము. ఏనుగు తొండము పట్టుకొని యెత్తరాదని పెద్దవాడు తమ్మునికి బోధించుచుండెను. చిన్నవాడు తన కారునకును వేపరెమ్మ కావలెనని యడిగి తీసికొని, తానే గుడ్డ చుట్టి, ఏనుగుప్రక్కన పెట్టెలో పెట్టినాడు.