నాలుగో మాట వేళకు జుమ్మా అజాన్

లండన్‌లో ఉంటున్న ఈ వ్యాసకర్త 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ పాతబస్తీకి, శాలిబండలో అమ్మ ఇంటికి వచ్చాడు. 7వ తేదీ పొద్దున గుమ్మం దాటగానే ఎదురింటి ఖాలా నోరారా పలకరించింది.

"గుడ్ ఫ్రైడే ముబారక్, బేటా!"

బదులేం చెప్పాలో తోచలేదు. చావు రోజుకు ముబారకేమిటి? కానీ పేరులోనే 'గుడ్' తగిలించుకుని, తెలుగులోనూ శుభ శుక్రవారమని పిలుచుకుంటూ ఖాలాను తప్పుపట్టడం ఎలా? వెనక తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న అమ్మ మాత్రం "థాంక్యూ ఆపా" అనేసి చెప్పులేసుకుంది.

ఆ ఏడు శుభ శుక్రవారం రంజాన్ నెలలో పడింది. అంతకుముందు 2022లోనూ, ఆ తర్వాత 2024లోనూ అంతే. ఈ ఇంట్లో ఉపవాసం, ఆ ఇంట్లో రోజా. "మీరెప్పుడు విడుస్తారు?" అని ఖాలా అడిగింది. మూడింటికని అమ్మ చెప్పింది. "బస్, అంతేనా!" అని ఖాలా నవ్వింది. ఆమెకింకా ఆరున్నర దాటాలి మరి.

చర్చి మూసీ నది అవతల. ఆటో చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ ఎక్కుతుంటే ఎడమచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. 1920లో ఏడో నిజాం ప్రారంభించిన భవనం. చిన్నప్పుడు అదొక గుర్తు మాత్రమే, అక్కడికొస్తే సగం దూరం వచ్చినట్టు. ఇప్పుడు దాన్ని చూస్తే చుండూరు గుర్తొస్తుంది.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. నేరం రుజువు కాలేదంటూ ఈ మూసీ ఒడ్డు భవనంలోనే 2014 ఏప్రిల్ 22న ఆ శిక్షలు కొట్టేశారు. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. పునరుత్థాన ఆరాధన ముగిసిన రెండు రోజులకు వచ్చింది ఆ హైకోర్టు తీర్పు.

చర్చిలో పన్నెండు కొట్టగానే ఆరాధన మొదలైంది. మూడు గంటలు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. ఫ్యాన్లు తిరుగుతున్నా తెల్లచీరల కొంగులు విసనకర్రలవుతూనే ఉన్నాయి. మొదటి మాట క్షమాపణ. చెప్పినాయన బాగా చెప్పాడు. అత్తాకోడళ్లు, అన్నదమ్ములు, పొలం గట్టు తగాదాలు, అందరూ క్షమించుకోవాలన్నాడు. గట్టు తగాదాకు సరే. గోనెసంచి విప్పి బిడ్డ మొహం చూసుకున్న తల్లికి ఆ మాట చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? తెలుగు నేల మీద చర్చి బెంచీల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆ తల్లి వాడలవాళ్లే. రోమా ప్రభుత్వం సిలువ వేసేది బానిసల్ని, తిరగబడ్డవాళ్లని. బతికుండగానే ఊరి బయట నలుగురూ చూసేలా వేలాడదీసేది. రోమా అధిపతి పిలాతు నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. ఈ సంగతులు మొదటి మాటలో ఎందుకు రావో ఈ వ్యాసకర్తకు ఎప్పుడూ అర్థం కాదు. పాపపరిహారం లెక్క ఒక్కటే చెప్పి ఊరుకుంటే, ఆ చంపడం ఎలా జరిగిందో, ఎవరు చంపారో కనుమరుగైపోతుంది.

ఒంటిగంట దాటాక నాలుగో మాట. దేవుడు చేయి విడిచాడని వేసిన కేక. అయ్యగారు "ఎలోయీ" అనగానే పక్క వీధి మసీదు మైకులో జుమ్మా అజాన్ మొదలైంది. ఆయన చేతిలో బైబిలు మూసి ఆగాడు. ఎవరూ విసుక్కోలేదు. అది ముగిసే దాకా నాలుగో మాట అలా గాలిలో ఉండిపోయింది. ఆ రోజు విన్న ప్రసంగాలన్నిటిలో ఆ మౌనమే మిగిలింది.

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వింటర్‌షాల్ బృందం శుభ శుక్రవారం నాడు సిలువ నాటకం వేస్తుంది. వేలమంది వస్తారు. సిలువ పైకి లేచేసరికి ఫోన్లూ పైకి లేస్తాయి. ఈ వ్యాసకర్తా ఓసారి లేపాడు. కానీ పాతబస్తీలో పెరిగినవాడికి ఒక ఊరేగింపు గుర్తుంది. మొహర్రం పదోనాడు డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం బయల్దేరుతుంది. ప్రవక్త కూతురు ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్క పలక ముక్క అందులో ఉందని నమ్మకం. ఒక చెక్క ముక్క చుట్టూ ఊరు ఊరంతా రొమ్ములు బాదుకోవడం చూశాకే, ఆదివారం చర్చిలో మెరిసే ఇత్తడి సిలువ కూడా ఒకప్పుడు కొయ్యేనని ఆ పిల్లాడికి తట్టింది.

ఇఫ్తార్ వేళ ఖాలా పళ్లెం పట్టుకొచ్చింది. ఖర్జూరాలు, మిర్చి బజ్జీలు, పుచ్చకాయ ముక్కలు. మూడింటికే అన్నం తిన్న అమ్మ మళ్లీ ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది.

"మీ పాదిరి ఏం చెప్పాడు ఇవాళ?"

"సిలువ మీద ఈసా 'ఎలోయీ' అని అరిచాడని చెప్పాడు ఖాలా."

"ఇలాహీ అన్నాడా?" ఆమె కాసేపు ఆగింది. "మీరేమో చంపారంటారు. మేమేమో చంపలేదు, అల్లా పైకి తీసుకున్నాడంటాం." ఇంకేదో అనబోయి, పళ్లెం కోసం చెయ్యి చాపింది.

ఖాళీ పళ్లెం తిరిగి పంపకూడదు. ఆ రోజు ఇంట్లో తీపి వండలేదు. అమ్మ అటూ ఇటూ వెతికి నాలుగు అరటిపళ్లు పెట్టి ఇచ్చింది.