మెత్తటి ఒళ్లు, ట్రయల్ వెతుకులాట

"బాబుకి కండరాల పటుత్వం తక్కువ, ఏమైనా ట్రయల్స్ ఉన్నాయా అక్కా?" అని ఇన్‌బాక్స్‌లో అడుగుతుంటారు.

దీన్నే డాక్టర్లు హైపోటోనియా అంటారు. ఆ పేరు కొట్టి వెతికితే పెద్దగా పనికొచ్చేది దొరకదు. అది జబ్బు కాదు, లక్షణం. దాని వెనక ఎస్ఎంఏ (స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ) ఉండొచ్చు, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. మందుల ట్రయల్స్ ఎక్కువగా ఆ కారణం మీదే నడుస్తాయి. అందుకే ముందు జన్యు పరీక్ష. ఖర్చే, కానీ ఆ రిపోర్టు లేకుండా చాలాచోట్ల గుమ్మం దాటనివ్వరు.

వయసు నిబంధన ఇంకా కఠినం. ఎస్ఎంఏ టైప్ 1 పసివాళ్లకి రిస్డిప్లామ్ అనే మందు ఇచ్చి చూసిన ఫైర్‌ఫిష్ ట్రయల్‌లో చేరేనాటికి బిడ్డకి 1 నుంచి 7 నెలలే ఉండాలి. "కొందరు మెడ ఆలస్యంగా నిలుపుతారులే" అని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెప్పేలోపే ఆ గడువు దాటిపోతుంది!

మన దేశంలో ట్రయల్స్ అన్నీ 2009 నుంచి సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నమోదు కావాల్సిందే. ఆ సైట్లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. లక్షలు కట్టి చేరమనే "స్టెమ్ సెల్ ట్రయల్" మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఏ ట్రయల్‌లోనైనా చేరాక వద్దనుకుంటే కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు. మన బిడ్డ ప్లాసిబో (ఉత్తుత్తి మందు) గ్రూపులో పడే అవకాశం ఉందా అని మాత్రం సమ్మతి పత్రం మీద సంతకానికి ముందే అడగండి.