యుద్ధం ఆగింది... పాతబస్తీ బంతి పరుగు తీసింది!

సాయంత్రం నాలుగున్నర. నయాపూల్ మీద మూసీ దాటి కుడివైపు తిరిగితే హైకోర్టు ఎర్ర గోడలు. ఆ తర్వాత సిటీ కాలేజీ. ఆ దగ్గర్లోనే కులీ కుతుబ్‌షా స్టేడియం. బడి నుంచి తిన్నగా వచ్చిన పిల్లలకు పుస్తకాల సంచులే గోల్‌పోస్టులు. 'అరే, పాస్ దేరే!' అని ఒకడి కేక. బంతి మాత్రం ఇంకొకడి కాళ్ల దగ్గర్నుంచి కదలదు. ఎనభై ఏళ్ల కిందట ఈ పిల్లాణ్ని ఓ బడిపంతులు చూసి ఉంటే ఆట ఆపి మరీ చీవాట్లు పెట్టేవాడే!

ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరానికి 'రహీం సాబ్'. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పిన ఆయన 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది ప్రపంచంలో ఆటల మాట ఎత్తేవారే తక్కువ. 1940 ఒలింపిక్స్ లేవు, 1944వీ లేవు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ 1938తో ఆగింది. వింబుల్డన్ సెంటర్ కోర్టు మీద 1940లో బాంబు పడింది. మన దగ్గర 1888లో సిమ్లాలో పుట్టిన డ్యురాండ్ కప్ కూడా 1940 తర్వాత మూలన పడింది.

హైదరాబాద్‌లో మాత్రం బంతి ఆగలేదు. పాతబస్తీ పురానీ హవేలీలో కొత్వాల్ కచేరీ. ఆ నగర పోలీసుల జట్టే 'సిటీ పోలీస్'. 1943లోనే బెంగళూరు వెళ్లి యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించి వచ్చింది. విమానాలు నడిపే దొరల మీద నిజాం పోలీసుల గెలుపు... గల్లీల్లో ఆ ముచ్చట ఎన్ని రోజులు నడిచిందో ఊహించుకోవాల్సిందే.

రహీం సాబ్ పెట్టే పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి మొనగాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లకు మంచి కాలక్షేపమే. కానీ అలా ఆడీ ఆడీ రెండు కాళ్లూ ఒకేలా పనిచేసే ఆటగాళ్లు తయారయ్యారు.

1945 మే 8న ఐరోపాలో యుద్ధం ముగిసింది. సరిగ్గా పదకొండు రోజులకు లండన్ లార్డ్స్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా సైనికుల జట్టు క్రికెట్ బ్యాట్లు పట్టుకుని దిగాయి. నవంబరులో మాస్కో డైనమో బ్రిటన్ వచ్చి లండన్ పొగమంచులో ఆర్సెనల్‌తో తలపడింది. 1948లో అదే లండన్‌లో ఒలింపిక్స్. అవి రేషన్ రోజులు. కొత్త క్రీడాగ్రామం కట్టే స్తోమత లేక క్రీడాకారులకు సైనిక శిబిరాల్లో, కాలేజీల్లో బస ఇచ్చారు. జర్మనీ, జపాన్‌లకు పిలుపే లేదు. స్వతంత్ర భారత్ ఫుట్‌బాల్ జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు.

అది జరిగిన నెలన్నరకే ఇక్కడ మరో యుద్ధం. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసి, సంస్థానం భారత్‌లో కలిసింది. చాంద్రాయణగుట్ట అవతల నిజాం అరబ్బు సైనికుల బ్యారక్సే నేటి బార్కస్. ఆ సైన్యం రద్దయింది. కొలువులు పోయినవాళ్లు, భయంతో తలుపులు వేసుకున్నవాళ్లు, వలసపోయినవాళ్లు... పాతబస్తీకి గడ్డు రోజులవి. జట్టు చెదిరిపోవడానికి అంతకంటే కారణం కావాలా?

చెదరలేదు. 1950లో రహీం సాబ్ సిటీ పోలీస్ శిక్షకుడయ్యారు. అదే ఏడు డ్యురాండ్ కప్ మళ్లీ మొదలైంది. యుద్ధం తర్వాత జరిగిన ఆ తొలి డ్యురాండ్‌లో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించి కప్పు ఎత్తుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీసే! బొంబాయి రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు వాళ్లదే. రెండేళ్ల కిందట పరాయి సంస్థానం వాళ్లుగా ఉన్న నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివాళ్లు దేశం జట్టులోకి వెళ్లారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో గెలిచి స్వర్ణం తెచ్చిన జట్టుకు రహీం సాబే గురువు.

అన్నీ విజయాలే కావు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. బూట్లు లేకపోతే కుదరదని అప్పటికిగానీ సమాఖ్యకు తెలిసిరాలేదు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. ఆ మరుసటి ఏడాదే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

కులీ కుతుబ్‌షా 1595లో ఆసుపత్రి కట్టించిన దారుల్‌షిఫాలో ఓ మైదానం ఉంది. అక్కడా సాయంత్రమైతే బంతి లేస్తుంది. అజాన్ వినిపించే వేళకు పిల్లలు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటారు. ఆఖరున మిగిలిన ఒకడు గోడకేసి బంతి తంతూనే ఉంటాడు... ఎడమకాలితో.